చీకటిని చూస్తున్న ఇద్దరు

అక్కాచెల్లెళ్లు నడిపే ఆ కర్టెన్ల షాపుకి కిటికీ లేదు. నవ్వొచ్చే మాటే గానీ నిజం. మూడు పక్కలా వేరే షాపుల గోడలు, ముందువైపు వీధి తలుపు, అంతే. కొనడానికి వచ్చినవాళ్లు గుడ్డని ట్యూబ్‌లైటు కింద పట్టుకుని చూసి, పెదవి విరిచి, ఆలోచించుకుని వస్తామని చెప్పి వెళ్లేవారు. వెళ్లినవాళ్లు మళ్లీ వచ్చేవారు కాదు.

కిటికీ తెచ్చింది చెల్లెలు. ఎక్కడో పాత ఇల్లు పడగొడుతుంటే చెక్క కిటికీ చట్రం ఒకటి సంపాదించి, వెనక గోడకి బిగించి, దాని లోపల పెద్ద టీవీ అమర్చింది. భూమికి నడినెత్తిన, ధ్రువం దగ్గర మంచులో, ఎవరో పెట్టి మరిచిపోయిన కెమెరా ఒకటి ఉంది. అది చూపించేదే రోజంతా ఆ టీవీలో వచ్చేది. ఒక చెక్క గది, దాని పక్కన ఒక స్తంభం, స్తంభానికి కట్టిన ఎర్ర గుడ్డ, ఆ వెనక అంతులేని తెలుపు.

"తెల్లటి వెలుతురులోనే గుడ్డ అసలు రంగు తెలుస్తుందక్కా," అంది చెల్లెలు. నిజంగానే తెలిసింది. వచ్చినవాళ్లు ఆ కిటికీకి తెర వేసి, తీసి, అటూ ఇటూ జరిపి మురిసిపోయేవారు. కొందరైతే కొనడం మాట మరిచిపోయి కిటికీలోకే చూస్తూ నిలబడిపోయేవారు.

అలా నిలబడిపోయినవాళ్లలో అక్క మొదటిది. వీధిలో అందరూ ఆమెను కత్తెరక్క అంటారు. గుడ్డ కత్తిరించడం ఆమె పని. చేతిలో కత్తెర లేకపోతే మాట కూడా రానట్టుండే మనిషి. కొలతలు తీయడం, వచ్చినవాళ్లను మాటల్లో పెట్టడం, పొద్దున కిటికీలోని టీవీ వేసి సాయంత్రం ఆపడం చెల్లెలి వంతు. మెషీను మీద కుట్టేది ముసలి మాస్టారు.

ఎండాకాలంలో అక్కడ సూర్యుడు అస్తమించడు. నిద్ర పట్టని పెద్దాయన వరండాలో పచార్లు చేసినట్టు ఆకాశం చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. మంచు కరిగి కింద దాక్కున్న నాచు పచ్చగా బయటపడుతుంది. దూదిపింజల్లాంటి పూలు గాలికి తలలూపుతాయి. తర్వాత నేలంతా ఎర్రబడుతుంది, ఏ అద్దకంలోనూ దొరకని ఎరుపు. ఒక నక్క వచ్చి చెక్క గది మెట్టు మీద కూర్చుని, కెమెరా వైపు తిరిగి ఆవలించి, తన దారిన తను వెళ్లిపోతుంది. గుడ్డ కోస్తూ కోస్తూ అక్క ఒక్కసారి తలెత్తితే చాలు, ఒళ్లంతా చల్లబడినట్టుండేది. వీధిలో హారన్లు చెవులు పగలగొడుతున్నా ఆమెకు మంచు రాలే చప్పుడే వినిపించేది. ఆ కెమెరాకి అసలు చప్పుడే లేదు. అయినా వినిపించేది.

"ఆ ఎర్ర గుడ్డకి అంచు మడవలేదు చూడు," అనేది చెల్లెలు. "పోగు పోగూ ఊడిపోతోంది. ఎవరు కుట్టారో."

"మన మాస్టారు మాత్రం కాదు," అనేది అక్క, ఆయనకు వినపడేలా. మాస్టారు మెషీను తొక్కుతూనే తృప్తిగా తలాడించేవారు.

చలికాలం దగ్గరపడేసరికి కిటికీ నల్లబడసాగింది. మధ్యాహ్నం పూట కాసేపు నీలంగా ఉండేది, తర్వాత అదీ కరువైంది. అక్కడ సూర్యుడు ఇక నెలల తరబడి కనిపించడు. వచ్చినవాళ్లు, "ఇదేంటండీ, నలుపు మీద తెర వేస్తే మాకేం తెలుస్తుంది?" అని మొహం చిట్లించడం మొదలుపెట్టారు.

"సముద్రం కెమెరా ఏదైనా పెడదామక్కా. మళ్లీ వెలుతురొచ్చాక ఇదే పెట్టుకుందాం," అంది చెల్లెలు.

"ఎండున్నన్నాళ్లూ చూసి, చీకటి పడగానే మొహం తిప్పుకుంటామా?"

"అది కెమెరా అక్కా, చుట్టం కాదు."

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. కానీ అక్క నోటికి అదుపు తక్కువ, పైగా అప్పుడు చేతిలో కత్తెర ఉంది. "నీకు అలవాటేగా. చదువూ అంతే, కాపురమూ అంతే. ఏదీ చివరిదాకా చూడవు," అనేసింది.

చెల్లెలు కాపురం వదిలి వచ్చి చాలా ఏళ్లయింది. ఎందుకు వచ్చిందో, ఎలా వచ్చిందో అక్కకు తెలుసు. ఆ రోజు తలుపు తీసి లోపలికి తీసుకెళ్లింది, ఇంక అటు వెళ్లొద్దని గట్టిగా చెప్పింది కూడా ఆమే. ఆ నోటితోనే ఈ మాట. చెల్లెలు మెడలోని టేపు తీసి, చుట్ట చుట్టి, బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తన గదిలోనే కూర్చుని ఎవరివో దిండు గలీబులు కుట్టుకుంటోందని మాస్టారు చెప్పారు.

చెల్లెలు వెళ్లిపోయిన సాయంత్రమే అక్క కిటికీకి నల్ల తెర వేసేసింది. మిట్టమధ్యాహ్నాన్ని కూడా అర్ధరాత్రి చేసే మందపాటి రకం. అదయ్యాక మళ్లీ దాని జోలికి పోలేదు.

ఫోను చేయొచ్చుగా అంటారేమో. తప్పు తనదైనప్పుడు ఫోను ఎంత బరువుంటుందో చేసి చూస్తే తెలుస్తుంది.

కిటికీ మూసింది గానీ మనసు ఊరుకోదుగా. ఎలాగో తంటాలు పడి ఆ కెమెరాని ఫోనులో పట్టుకుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక, మాస్టారు కునికిపాట్లు పడుతుంటే, గుడ్డల తాన్ల మధ్య కూర్చుని చూసేది. అంతా నలుపే. కింద మూలన చిన్న కన్ను బొమ్మ, దాని పక్కన ఇప్పుడెంతమంది చూస్తున్నారో చెప్పే అంకె. మొదట్లో పదుల్లో ఉండేది. చీకటి ముదిరేకొద్దీ జనం జారుకున్నారు. నలుపుని పనిగట్టుకుని ఎవరు చూస్తారు? తగ్గి తగ్గి ఆ అంకె రెండు దగ్గర ఆగిపోయింది.

ఒకటి తను. రెండోది ఎవరో ఆలోచించాల్సిన పనే లేదు. చివరిదాకా చూడవు అన్నందుకు, చూసి చూపిస్తోంది పంతగత్తె. అక్కకు కళ్లు చెమర్చాయి.

అప్పటి నుంచి ఆ నలుపు నలుపులా లేదు. చూడగా చూడగా అందులో ఎన్నో రకాలు తేలాయి. మబ్బున్న నలుపు బొంతలా ఉండేది, చుక్కలున్న నలుపు లోతుగా ఉండేది. చంద్రుడొచ్చిన రోజుల్లో చెక్క గది నీటి అడుగున ఉన్నట్టు మెల్లగా పైకి తేలేది. ఒకసారి ఆకాశంలో ఆకుపచ్చ వెలుగు పుట్టి, ఎవరో పైనుంచి పలచటి తెర దులిపినట్టు మడతలు మడతలుగా కదిలింది.

"చూశావా?" అంది అక్క పైకే.

"ఏంటమ్మా?" అన్నారు మాస్టారు ఉలిక్కిపడి లేచి.

"మిమ్మల్ని కాదులెండి, పడుకోండి."

చలికాలమంతా అలా గడిచింది. ఇద్దరూ మాట్లాడుకోకుండా ఒకే కిటికీ దగ్గర కూర్చున్నట్టు. చెప్పాల్సిన క్షమాపణ రోజూ ఆ అంకెకే చెప్పుకునేది.

ఇంతలో షాపులో ఇస్త్రీ బల్ల దగ్గరి ప్లగ్గు కాలిపోయింది. మాస్టారు సణుక్కుంటూ బల్లని వెనక గోడ దగ్గరికి జరుపుకున్నారు. ఆ మధ్యాహ్నం అక్క ఫోను తెరిస్తే కన్ను బొమ్మ పక్కన ఒకటి ఉంది.

మూసి మళ్లీ తెరిచింది. ఒకటే. సరేలే, పని మీద ఉందేమో అనుకుంది. మర్నాడూ ఒకటే. గుడ్డ మీద కత్తెర వంకర పోయింది, అది ఎప్పుడూ జరగనిది. జబ్బు చేసిందా? ఒంటరి గదిలో పడిపోయిందా? లేక తన కోసం ఎదురుచూసి చూసి విసిగిపోయిందా? ఇందులో ఏది నిజమైతే బాగుంటుందో కూడా ఆమెకు తెలియలేదు. మాస్టారికి ఒక్క మాట చెప్పి, కత్తెర చేతిలో ఉండగానే బయలుదేరింది. వీధిలో జనం పక్కకి తప్పుకున్నారంటే తప్పుకోరూ మరి.

చెల్లెలు తలుపు తీసింది. నోట్లో గుండుసూదులు, చేతిలో దిండు గలీబు. నిక్షేపంలా ఉంది.

"ఏమైందే నీకు?" అంది అక్క ఆయాసపడుతూ.

చెల్లెలు సూదులు తీసి గుడ్డకి గుచ్చింది. "నాకేమవుతుంది? ముందు ఆ కత్తెర కింద పెట్టు."

"నిన్నటి నుంచి నువ్వు లేవు. చలికాలమంతా ఇద్దరమే ఉన్నాం కదా అక్కడ. ఇప్పుడు నేనొక్కదాన్నే."

"ఎక్కడ?"

అక్క ఫోను చూపించింది. నలుపు, కన్ను, ఒకటి. చెల్లెలు చాలాసేపు దాన్ని చూసి, మెల్లగా అంది. "నేను చూడలేదక్కా. ఆ రోజు తర్వాత ఒక్కసారి కూడా చూడలేదు. చూడబుద్ధి కాలేదు."

అక్క మంచం అంచున కూలబడింది. చలికాలమంతా కాళ్ల కింది నుంచి జారిపోయినట్టయింది. "మరి ఆ రెండోది ఎవరు?"

చెల్లెలు కాసేపు ఆలోచించింది. "షాపులో కిటికీ ఎవరు ఆపుతున్నారు?"

"ఆపడమేంటి? తెర వేసేశాగా."

"తెర వేస్తే టీవీ ఆగుతుందా అక్కా?"

ఇన్నేళ్లు తెరలు అమ్మిన మనిషికి, తెర పడిందంటే కిటికీ లేనట్టే. ఆ నల్ల గుడ్డ వెనక టీవీ చలికాలమంతా ఒంటరిగా వెలుగుతూ, చీకటిని చూపిస్తూనే ఉంది. ఇస్త్రీ పెట్టె కోసం మాస్టారు పీకింది దాని ప్లగ్గే.

"అయితే ఇన్నాళ్లూ నాకు నేనే తోడు కూర్చున్నానన్నమాట," అంది అక్క. చెల్లెలికి నవ్వాగలేదు. అక్క కూడా నవ్వబోయింది గానీ ఏడుపొచ్చింది.

"నువ్వు కాపురం వదిలి రావడం మంచి పని. అప్పుడూ అదే అనుకున్నాను, ఇప్పుడూ అంతే. ఆ రోజు ఆ మాట మాత్రం నీకు నొప్పి పుట్టాలనే అన్నాను."

చెల్లెలు గలీబు అంచున వేలాడుతున్న దారాన్ని తెంపింది. "పుట్టింది," అంది.

కింద వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్లారు.

"ఇప్పుడెలా ఉందక్కడ?" అని అడిగింది చెల్లెలు, ఎటో చూస్తూ.

"ఏముంది, నలుపే. మిట్టమధ్యాహ్నం మాత్రం అంచున కాస్త నీలం తగులుతోంది."

"ఎర్ర గుడ్డ?"

"చీకట్లో ఏం కనపడుతుంది?"

"నా టేపు పారేశావా?"

"పెట్టినచోటే ఉంది."

మర్నాడు మధ్యాహ్నం చెల్లెలు షాపులోకి వచ్చి, ఎవరినీ పలకరించకుండా, బల్ల మీది టేపు తీసి మెడలో వేసుకుంది. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేసి, టీవీది పెట్టింది. మాస్టారు నోరు తెరవబోయి, అక్క మొహం చూసి మూసుకున్నారు. అక్కాచెల్లెళ్లు చెరోపక్క పట్టుకుని నల్ల తెరని పక్కకి లాగారు.

నీలం. లేత నీలం, కింద అంచున గులాబీ రంగు గీత. సూర్యుడు ఇంకా రాలేదు, వస్తున్నాననే కబురు మాత్రం వచ్చింది. చెక్క గది పైకప్పు దాకా మంచు పేరుకుంది. స్తంభం ఒక పక్కకి ఒరిగింది. ఎర్ర గుడ్డలో సగం మిగిలి ఇంకా గాలికి ఊగుతోంది.

"అంచు కుట్టకపోయినా ఉండిపోయిందే," అంది చెల్లెలు. రెండు కుర్చీలు లాగి, అక్కని ఒకదాంట్లో కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుంది. మోకాళ్లు మోకాళ్లకు తగులుతున్నాయి. గులాబీ గీత వాళ్లు చూస్తుండగానే కాస్త వెడల్పయింది.

కింద మూలన కన్ను బొమ్మ పక్కన ఒకటి ఉంది. అక్క చెయ్యి అలవాటుగా ఫోను వైపు వెళ్లి, మధ్యలోనే ఆగి, వెనక్కి వచ్చి ఒళ్లో పడింది.

"ఎవరో పాపం ఒక్కరే చూస్తున్నారు," అంది చెల్లెలు.

"చూడనీ," అంది అక్క. "చివరిదాకా చూస్తుందిలే."