మేనేజరుకి కప్పిన శాలువా

శుక్రవారం ఉదయం ఏడూ పదికి రాజోలు యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్ వాట్సాప్ గ్రూపులో మూడు వాక్యాల మెసేజ్ వచ్చింది. ఈస్టర్ షీల్డు ఫైనల్ ఆదివారం.

"క్లబ్ సభ్యులకు నమస్కారం. ఈ రోజు నుంచి మేనేజరు బాధ్యతల నుంచి తప్పుకుంటున్నాను. టీముకి నా శుభాకాంక్షలు. - శ్యామ్ సుందర్."

యేసురత్నం నోట్లో బ్రష్షు అలాగే ఉంచుకుని రెండుసార్లు చదివాడు. ఫోన్ చేశాడు. స్విచాఫ్. మళ్ళీ చేశాడు. స్విచాఫే.

అతను హైస్కూల్లో గుమాస్తా. పన్నెండేళ్ళుగా రాజోలు యునైటెడ్ అభిమానుల సంఘానికి అధ్యక్షుడు. ఈ రెండింటిలో ఏది ఉద్యోగమో భార్యకి ఇప్పటికీ తెలియదు.

"నాన్నా, అమలాపురం వాళ్ళు అప్పుడే దండేసేశారు" అంటూ కూతురు ఝాన్సీ ఫోన్ చూపించింది. అమలాపురం స్పోర్టింగ్ అభిమానుల పేజీలో శ్యామ్ సుందర్ ఫోటో. ఫోటోకి బంతిపూల దండ. కింద 'రాజోలు ఆశలకు అశ్రునివాళి' అని రాసి ఉంది. నాలుగు నిమిషాల్లో అరవై నవ్వులు.

ఈస్టర్ షీల్డుకి ఒక రూలుంది. వరసగా మూడేళ్ళు గెలిచిన క్లబ్బు దాన్ని శాశ్వతంగా పట్టుకుపోవచ్చు. స్పోర్టింగ్ ఇప్పటికే రెండేళ్ళు గెలిచింది. ఆ షీల్డు మీద గెలిచిన కెప్టెన్ల పేర్లతో చిన్న చిన్న వెండి రేకులుంటాయి. అన్నిటికంటే పైన ఉన్న రేకు మీద '1971, రాజోలు, జ్ఞానప్రకాశం' అని ఉంటుంది. జ్ఞానప్రకాశం యేసురత్నం తండ్రి. ఆయన పేరు చెక్కి ఉన్నది ఈ లోకంలో రెండే చోట్ల. ఒకటి సమాధి రాయి. రెండోది ఆ రేకు. ఆదివారం ఓడిపోతే ఆ రేకు అమలాపురంలో ఎవరి అద్దాల బీరువాలోనో ఉండిపోతుంది.

శ్యామ్ సుందర్ వచ్చి ఎనిమిది నెలలైంది. వచ్చాక టీము ఒక్క మ్యాచీ ఓడలేదు. అలాంటి మనిషి ఫైనల్‌కి రెండు రోజుల ముందు ఎందుకు వెళ్ళిపోతాడు?

యేసురత్నానికి ఒకటే జవాబు తోచింది. నోరు కడుక్కుని, చొక్కా తగిలించుకుని, తిన్నగా బుచ్చిరాజు హోటలుకి వెళ్ళాడు.

బుచ్చిరాజు పుట్టింది అమలాపురం. రాజోలు బస్టాండు పక్కన టిఫిను హోటలు పెట్టి ఇరవై ఏళ్ళైనా గల్లా వెనక స్పోర్టింగ్ నీలం జెండా దించలేదు. రాజోలు వాళ్ళు తిట్టుకుంటూనే వచ్చి తింటారు. పెసరట్టు అలాంటిది.

"రండి అధ్యక్షుల వారూ. మీ ఉపవాసాల శ్రమదినాలు ఈస్టర్‌తో అయిపోయేయనుకున్నానండి. మీకింకా అవలేదే" అన్నాడు బుచ్చిరాజు.

హోటల్లో నలుగురు నవ్వారు.

"మీ వాళ్ళు ఏం చెప్పి లాక్కున్నారండీ ఆయన్ని?" అన్నాడు యేసురత్నం.

బుచ్చిరాజు ముఖంలో నవ్వు పోయింది. అట్లకాడ పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని గల్లా దగ్గరకి వచ్చాడు.

"పొద్దున్నే మా సెక్రటరీని అడిగేనండి. మేం కాదు. మీకంటే నాకే ఎక్కువ మండుతోంది."

"మీకెందుకండీ మంట?"

"ఆదివారం మేం గెలుస్తాం. షీల్డు పట్టుకుపోతాం. అప్పుడు మీరేమంటారు? 'ఆ ఏడు మాకు మేనేజరు లేడు కదండీ' అంటారు. పదేళ్ళపాటు ఇదే బల్ల మీద కూర్చుని, నా ఇడ్లీ తింటూ, నాకే చెబుతారు. అంటారా, అనరా?"

"అంటాం."

"చూశారా? మూడేళ్ళు ఎదురుచూసి ఇలాంటి గెలుపా నాకు?" అని బుచ్చిరాజు బండి తాళాలు తీశాడు. "ఆయన ఇల్లు రామచంద్రపురమే కదా. ఎక్కండి."

పది గంటలకి అమలాపురం దాటారు. ముక్తేశ్వరం రేవులో పంటు కదలబోతుంటే బుచ్చిరాజు బండిని ఆఖరి చెక్కల మీదకి ఎక్కించాడు. ఆటోలు, బండ్లు, మనుషులు, రెండు మేకలు. కింద గోదావరి. ఇంజను మోతలో పక్కవాడి మాట వినాలంటే అరవాలి.

"జీతం విషయమా?" అని అరిచాడు బుచ్చిరాజు.

"ముందే ఇచ్చేశామండి."

"కమిటీలో ఎవరైనా మాట తూలేరా?"

"మా వాళ్ళా? ఆయన్ని నెత్తిన పెట్టుకున్నామండి. సెమీఫైనల్ గెలిచినందుకు మొన్న బుధవారం చర్చి హాల్లో సన్మానం చేశాం. పట్టు శాలువా, పళ్ళు, ఫ్రేము కట్టిన సన్మాన పత్రం. పత్రం నేనే రాసి, నేనే చదివేను."

ఫోన్ మోగింది. ఝాన్సీ.

"నాన్నా, సన్మానం వీడియో పంపేను. శాలువా కప్పినప్పుడు ఆయన బానే నవ్వేరు. నువ్వు పత్రం చదివేటప్పుడు ఆయన ముఖం చూడు."

మిగతా మాటలు ఇంజను మింగేసింది. యేసురత్నం వీడియో తెరిచాడు. మైకు ముందు తను. పక్కన కుర్చీలో శాలువాతో శ్యామ్ సుందర్, నవ్వుతూ. ఒక నిమిషం. నిమిషంన్నర. అప్పుడు ఆ నవ్వు ఆగిపోయింది. అతను ఒకసారి తలెత్తి యేసురత్నాన్ని చూశాడు, తర్వాత నేల చూశాడు. చప్పట్లు కొడుతున్న జనం వైపు చేతులు జోడించాడు. మళ్ళీ నవ్వలేదు.

యేసురత్నం ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. ఇంజను మోత తప్ప ఏమీ వినపడలేదు.

"అక్కడ ఏం చదివేరండీ?" అన్నాడు బుచ్చిరాజు.

"మామూలు సన్మాన పత్రమేనండి. అందరికీ రాసేదే."

ఆ మాట అన్నాక అతను వీడియోని మళ్ళీ మొదటికి జరిపాడు.

రామచంద్రపురంలో తలుపు తీసింది శ్యామ్ సుందర్ భార్య వీరవేణి. మంచినీళ్ళిచ్చింది. కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. గోడ నిండా టీముల ఫోటోలు. కొత్త ఫ్రేమొకటి మాత్రం గోడకి లేదు. మూలన, ముఖం గోడ వైపు తిప్పి నిలబెట్టి ఉంది.

శ్యామ్ సుందర్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. బుచ్చిరాజుని చూసి ఆశ్చర్యపోయినా పైకి కనపడనివ్వలేదు.

"ఎండలో వచ్చేరు. భోంచేసి వెళ్ళాలండి."

"ఎందుకు మానేశారండీ?" అన్నాడు యేసురత్నం.

"మానేయడమేంటండీ. మీరు చెప్పేరు, నేను తప్పుకున్నాను. నాకేం కోపం లేదు."

"నేను చెప్పేనా?"

శ్యామ్ సుందర్ లేచి మూలనున్న ఫ్రేము తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "మూడో పేరా చదవండి. పైకి."

యేసురత్నం కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"మీరు అందించిన సేవలు మరువలేనివి. విధుల నుంచి విరమిస్తున్న ఈ శుభ సందర్భంలో, మీ శేష జీవితం ఆయురారోగ్యాలతో, మనశ్శాంతితో గడవాలని ఆ ప్రభువుని ప్రార్థిస్తూ..."

ఆగిపోయాడు.

ఆఫీసు కంప్యూటర్లో ఆ ఫైలు పద్దెనిమిదేళ్ళ నుంచి ఉంది. రిటైరైన ప్రతి టీచరుకీ అదే. ప్రతిసారీ పైన పేరు మారుస్తాడు, హోదా మారుస్తాడు, ప్రింటు తీస్తాడు. బుధవారం సాయంత్రం తొందరలో 'గణిత ఉపాధ్యాయులు' తీసేసి 'ఫుట్‌బాల్ మేనేజరు' అని పెట్టాడు. స్వయంగా మైకులో చదివాడు. చదివినవాడికి వినపడలేదు. హాల్లో మూడొందల మందిలో ఒక్కరికీ వినపడలేదు. సన్మాన పత్రం ఎవరూ వినరు, శాలువా కప్పించుకున్నవాడు తప్ప.

"ఇది పాత కాగితమండి. రిటైర్మెంటుది. నేను చూసుకోలేదు..."

"కావచ్చండి" అన్నాడు శ్యామ్ సుందర్. "కానీ మన వైపు 'వెళ్ళిపో' అని ఎవరూ నోటితో అనరు కదండీ. ఇంతకుముందు రెండు చోట్ల పనిచేశాను. రెండు చోట్లా ఇంతే. శాలువా, పళ్ళు, పత్రం. మర్నాడు గది తాళం మారుతుంది. తాళం దాకా ఎందుకని ఈసారి నేనే బయటికొచ్చేశాను."

"తప్పు నాదేనండి. క్షమించండి."

"అయ్యో, అంత మాట ఎందుకండీ."

"మీరు రావాలండి."

"మీ అభిమానం చాలండి."

"మేం ఎంతో..."

"నాకు తెలుసండి. కాఫీ తీసుకోండి."

అలా ఇరవై నిమిషాలు గడిచింది. యేసురత్నం ఎంత వేడుకున్నా అవతలి నుంచి అంతే మెత్తటి మాట తిరిగొచ్చింది. తలుపు మూయలేదు, తెరవనూ లేదు. అతనికి జుట్టు పీక్కోవాలనిపించింది. తిట్టినా బావుండేది.

బుచ్చిరాజు కప్పు ఠపీమని బల్ల మీద పెట్టాడు.

"ఇలా అండీ, అండీ అనుకుంటూ కూర్చుంటే ఆదివారం అయిపోతుంది. నేను పరాయి పార్టీ వాణ్ణి, నాకు మొహమాటం లేదు. యేసురత్నం గారూ, శాలువా కప్పి పంపించేశారా లేదా?"

"కప్పేనండి."

"అయితే వెనక్కి తీసుకోండి."

గుమ్మంలో వీరవేణి బిస్కెట్ల ప్లేటుతో అలాగే నిలబడిపోయింది. కప్పిన శాలువా తిరిగి అడిగిన మనిషి కోనసీమలో ఇంతవరకూ పుట్టలేదు. అడిగితే అది ఊళ్ళో మూడు తరాలు చెప్పుకునే అవమానం.

యేసురత్నం కళ్ళముందు వెండి రేకు కదిలింది. లేచి నిలబడ్డాడు.

"అమ్మా, బుధవారం నాటి శాలువా ఇలా ఇచ్చెయ్యండి" అన్నాడు.

వీరవేణి మొగుడి వైపు చూసింది. ఆయన ముఖం ఎర్రబడింది. "ఇచ్చెయ్యి" అన్నాడు.

మడత పెట్టిన శాలువా వచ్చింది. యేసురత్నం దాన్ని సంచిలో పెట్టుకున్నాడు. ఫ్రేము వెనక మేకులు తిప్పి, పత్రం బయటికి లాగి, నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. ఖాళీ ఫ్రేము బల్ల మీద పెట్టాడు.

"మేనేజరు గారూ, మీకు సన్మానం జరగలేదు. ఆ టైము ఇంకా రాలేదండి. ఎల్లుండి నాలుగింటికి మ్యాచి ఉంది."

శ్యామ్ సుందర్ ఖాళీ ఫ్రేముని తన వైపు లాక్కున్నాడు.

"కాకినాడలో ఒక కాలేజీకి పొద్దున్నే మాటిచ్చేశానండి. సోమవారం చేరాలి. ఇచ్చిన మాట తప్పలేను."

"మరి ఆదివారం?"

"ఆదివారం ఖాళీయేనండి."

ఆదివారం అమలాపురం గ్రౌండులో డెబ్బై ఎనిమిదో నిమిషం దాకా ఒక్క గోలూ పడలేదు. నీలం జెండాల మధ్య బుచ్చిరాజు గొంతు పోయేలా అరుస్తున్నాడు. అప్పుడు శ్యామ్ సుందర్ గీత దగ్గరకొచ్చి, ఎడమ వైపు డిఫెండరు జీవన్‌ని ముందుకు పొమ్మని చేత్తో చూపించాడు. స్పోర్టింగ్ వాళ్ళు జీవన్‌ని పట్టించుకోలేదు. ఎనిమిది నెలల్లో వాడు మధ్య గీత దాటితే కదా. మూడు నిమిషాల తర్వాత కార్నర్ నుంచి వచ్చిన బంతిని జీవన్ తలతో కొట్టాడు. ఒకటి, సున్నా. అంతే.

యేసురత్నం షీల్డు మీద పై రేకుని బొటనవేలితో తుడిచాడు. ఇంకో మూడేళ్ళ వరకూ దీన్ని వేరే ఎవరూ శాశ్వతంగా పట్టుకుపోలేరు.

తలెత్తేసరికి శ్యామ్ సుందర్ భుజానికి సంచి తగిలించుకుని నిలబడి ఉన్నాడు. "ఆఖరి పంటు అందుకోవాలండి. వస్తాను."

యేసురత్నం చెయ్యి సంచిలో శాలువా దాకా వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. మళ్ళీ ఏ ముఖంతో కప్పుతాడు?

"ఆయ్, వెళ్ళిరండి" అన్నాడు.

సోమవారం పొద్దున్న క్లబ్ గ్రూపులో నూట పద్నాలుగు మెసేజీలున్నాయి. పది గెలుపు గురించి. మిగతావన్నీ ఒకటే ప్రశ్న. మేనేజరు పోవడానికి కారణమెవరు? కొందరు కమిటీ అన్నారు. కొందరు అమలాపురం కుట్ర అన్నారు. యేసురత్నం ఏదో టైపు చేసి, చెరిపేసి, హోటలుకి వెళ్ళాడు.

"నా బండి. నా పెట్రోలు" అన్నాడు బుచ్చిరాజు, బొంగురుపోయిన గొంతుతో. "శాలువా అడగమని చెప్పిన నోరు కూడా నాదే. మా పేజీలో ఈ సంగతి తెలిస్తే నన్ను ఊళ్ళోకి రానివ్వరండి."

"మా గ్రూపులో సంగతి తెలిస్తే నన్నూ అంతేనండి."

"వచ్చే ఏడు మేనేజరెవరు?"

"ఎవరూ లేరు."

బుచ్చిరాజు పెసరట్టు ప్లేటు పెట్టి, అతని జేబులోంచి తొంగిచూస్తున్న సన్మాన పత్రం లాక్కున్నాడు. గల్లా దగ్గర నిలబడి మొదటి నుంచి చివరి దాకా, పెదాలు కదుపుతూ చదివాడు. మూడో పేరా దగ్గర రెండోసారి చదివాడు.

"బాగా రాసేరండి. నాకే హోటలు మూసేసి వెళ్ళిపోవాలనిపిస్తోంది."

యేసురత్నం నవ్వలేదు. పెసరట్టు చల్లారిపోయింది.