సీలు విప్పని గౌన్లు

ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. కూతురు పుట్టినప్పటి నుంచి అందరికీ చిట్టి వాళ్లమ్మే. ఆన్‌లైన్ దుకాణానికి పేరేం పెట్టాలని ఫోను అడిగినప్పుడు కూడా ఆమెకు ఇంకేదీ తోచక అదే కొట్టింది.

"ఇదేం పేరు వదినా? పాలకేంద్రం అనుకుంటారు," అంది ఆడపడుచు.

ఆడపడుచు డిగ్రీ చదివి ఒక ఆఫీసులో లెక్కలు చూస్తుంది. దుకాణం తెరిచిపెట్టిందీ, 'సరికొత్త పిల్లల దుస్తులు, ఇంటి సామాన్లు' అని రాసిపెట్టిందీ ఆ పిల్లే. చిట్టి వాళ్లమ్మకు ఇంటర్ మధ్యలో పెళ్లయింది. పుస్తకాలు అటక ఎక్కాయి, తర్వాత ఎప్పుడో కిందికి దింపితే చిట్టి వాటిని చింపింది.

మొగుడు లిఫ్టు మెకానిక్కు. మాటలు తక్కువ, ఉన్నవి గట్టివి. "వేసవి సెలవులయ్యి బళ్లు తెరిచేదాకా చూద్దాం. ఈలోగా నిలబడిందా సరే. లేదంటే అన్నయ్య గోడౌన్‌లో బిస్కెట్లు పెట్టెలకెత్తే పనికి వెళ్దువుగాని. చిట్టిని అమ్మ చూసుకుంటుంది."

ఆ చివరి మాటకే ఆమె భయపడింది. అత్తగారు చెడ్డమనిషి కాదు. టీవీ పెడితే కునుకు పడుతుంది, అంతే. అలా కునుకు పట్టిన ఒక మధ్యాహ్నం చిట్టి గౌను బొత్తాం ఊడబెరుక్కుని మింగబోయింది. అది గొంతుకు అడ్డం పడింది. పిల్ల నీలంగా తిరిగిపోతుంటే, పక్కవాటాలో ఉండే కాంపౌండరు పరిగెత్తుకొచ్చి బోర్లా పట్టుకుని వీపు మీద చరిచాడు. బొత్తాం టక్కుమని నేల మీద పడింది. "పిల్లలన్నాక నోట్లో పెట్టుకోరా ఏమిటి?" అని అత్తగారు ఇప్పటికీ అంటుంది. చిట్టి వాళ్లమ్మ మాత్రం ఇప్పటికీ పిల్ల బుగ్గ కాస్త ఉబ్బితే చాలు, వేలు పెట్టి చూస్తుంది.

కాబట్టి గోడౌన్‌కు వెళ్లకూడదు. ఆమెకు కావలసిందల్లా అదొక్కటే.

హోల్‌సేల్ కొట్టు నుంచి తెచ్చిన గౌన్లు, నిక్కర్లు, దిండు గలీబులు, మూతల డబ్బాలు మంచం కింద చేరాయి. ముందుగది తలుపు మీద తెల్లదుప్పటి కట్టి, చిట్టిని నిలబెట్టి ఫోటోలు తీసింది. సగం ఫోటోల్లో చిట్టి లేదు, పారిపోతున్న కాలు ఉంది. అయినా ఆర్డర్లు వచ్చాయి.

వచ్చిన ప్రతి ఆర్డరుకూ ఆమె ఒకటే పద్ధతి. గౌనును కొద్దిపాటి సబ్బు నీళ్లలో జాడించి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసేది. కొత్త బట్ట గంజి పసిపిల్లల ఒంటికి గుచ్చుకుంటుంది. మెడ వెనక లేబుల్ రాసుకుని ఎర్రబడుతుందని దాన్ని కత్తిరించేది. ఇక బొత్తాలైతే, ఒక్కొక్కటీ పట్టి లాగి చూసి, కాస్త వదులుగా ఉంటే తన దారంతో గట్టిగా కుట్టేది. డబ్బాల్లో నీళ్లు పోసి, మూత పెట్టి, బోర్లించి చూసేది. తన పిల్లకు ఎలా చేస్తుందో ముక్కూమొహం తెలియని పిల్లలకూ అలాగే చేసింది. వ్యాపారం అంటే అదే అనుకుంది.

మొదట్లో ఒకామె అయిదు నక్షత్రాలిచ్చి రాసింది. 'బొత్తాలు ఎంత గట్టిగా కుట్టారో. మాది కవల పిల్లలున్న ఇల్లు. మీ దగ్గరే కొంటాను.' చిట్టి వాళ్లమ్మ దాన్ని మొగుడికి చదివి వినిపించింది, అత్తగారికి వినిపించింది, అర్థం కాని చిట్టికీ వినిపించింది.

ఆ తర్వాత పార్సిళ్లు వెనక్కి రావడం మొదలైంది.

"ఏమ్మా, మీ ఇంటి నుంచి నేను పట్టుకెళ్లే వాటికన్నా తిరిగి తెచ్చేవే ఎక్కువైపోయాయి," అన్నాడు పార్సిల్ అతను, సంచీ గుమ్మంలో దింపుతూ. "పుట్టింటికొచ్చిన కూతుళ్లలా వచ్చేస్తున్నాయి."

'వాడిన బట్టలు పంపారు.' 'లేబుల్ లేదు, మోసం.' 'డబ్బాలో నీటిచుక్కలున్నాయి, ఎవరి ఇంట్లో వాడిందో ఏమో.' కొన్నవాళ్లు రాసిన వాటిని ఆమె ఒక్కొక్కటీ రెండేసి సార్లు చదివింది. ఆ పైన ఆన్‌లైన్ కంపెనీ వాళ్ల హెచ్చరిక వచ్చింది. ఇలాగే సాగితే దుకాణం మూసేస్తారట. బళ్లు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. మొగుడు అన్నయ్యకు ఫోను చేసి గోడౌన్‌లో ఖాళీ ఉందా అని అడగడం ఆమె చెవిన పడింది.

ఆదివారం ఆడపడుచు వచ్చి, తిరిగొచ్చిన గౌను తిరగేసి చూసింది.

"వదినా, దీన్ని ఉతికావా?"

"ఉతక్కుండా ఎలా పంపను? కొత్త బట్ట అలాగే పిల్లకి తొడుగుతారా ఎవరైనా?"

"లేబుల్?"

"గుచ్చుకుంటుందని తీసేశా."

ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కానీ నవ్వు ఆగలేదు. "అందుకే వాడినవి అంటున్నారు. కొన్నవాళ్లు ఉతుక్కుంటారు, నీకెందుకు?"

"ఉతక్కపోతే?"

"అది వాళ్ల ఖర్మ."

"బొత్తాం ఊడితే?"

"అదీ వాళ్ల ఖర్మే. నువ్వు అమ్మేదానివా, వాళ్లందరికీ అమ్మమ్మవా?"

సాయంత్రానికి ఈ కబురు చుట్టాలందరికీ చేరింది. బావగారు ఫోను చేసి, "మా ఇంట్లో దుప్పట్లు మురికిగా ఉన్నాయి, మరదలు అమ్మిపెడుతుందేమో అడగరా," అని తమ్ముడితో అన్నాడు. అత్తగారు కన్నీళ్లొచ్చేలా నవ్వింది. మొగుడు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "బుర్ర ఉండక్కర్లేదా?" అన్నాడు.

అప్పటి నుంచి సరుకు సీలు వేసిన కవర్లలోనే తెప్పించారు. ఆడపడుచు గట్టిగా చెప్పి వెళ్లింది, విప్పొద్దు, ముట్టుకోవద్దు, చీటీ అంటించి పంపెయ్ అని. చిట్టి వాళ్లమ్మ అలాగే చేసింది. పనీ తగ్గింది. సబ్బు, ఇస్త్రీ కరెంటు మిగిలాయి. పార్సిళ్లు వెనక్కి రావడం ఆగింది. 'కొత్త బట్టల వాసన అదిరింది' అని ఒకరు అయిదు నక్షత్రాలిచ్చారు. ఆమె ఇష్టపడి చేసిన వాటన్నిటికీ తిట్లు పడ్డాయి, ఇదివరకు కడిగి పారబోసిన గంజికి మెప్పు వచ్చింది.

బళ్లు తెరిచారు. గోడౌన్ మాట ఎవరూ ఎత్తలేదు. తిరిగొచ్చిన మెత్తటి గౌన్లన్నీ చిట్టి వేసుకుని తిరుగుతోంది. "దీని దగ్గరున్నన్ని గౌన్లు నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు," అంది అత్తగారు.

ఆ వారం కవల పిల్లల తల్లి నుంచి మళ్లీ కబురు వచ్చింది. ఈసారి ఒక్క నక్షత్రం.

'మీ బొత్తాలు గట్టివని నమ్మి ఇంకో రెండు గౌన్లు తెప్పించాను. తొడిగిన రోజే బొత్తాం ఊడింది. ఇద్దరిలో ఒకతి నోట్లో వేసుకుంది. చూశాం కాబట్టి సరిపోయింది. మీరు కూడా అందరిలాగే అయ్యారు.'

ఆమె దాన్ని ఎవరికీ చదివి వినిపించలేదు. మొగుడే ఫోను తీసుకుని చూశాడు.

"పిల్లకేం కాలేదుగా," అన్నాడు. కాసేపు వేలితో పైకీ కిందకీ జరిపి, "మొత్తం మీద నాలుగున్నర నక్షత్రాలున్నాయి. ఫరవాలేదు," అన్నాడు.

జవాబు రాద్దామని కూర్చుంది. 'అమ్మా, నేను' అని కొట్టి ఆగిపోయింది. ఇంతలో ఆమెతో పనిలేకుండా, ఆడపడుచు ముందే పెట్టి ఉంచిన జవాబు దానంతటదే వెళ్లిపోయింది. 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. మళ్లీ రండి. ఇట్లు, చిట్టి వాళ్లమ్మ.'

గుమ్మం బయట పార్సిల్ అతని బండి హారన్ మోగింది. ఆ రోజు పంపాల్సినవి బల్ల మీద ఉన్నాయి. అన్నిటికన్నా పైన పసుపు గౌను, చాలా చిన్న సైజు. ఆమె కవరు మీద నుంచే వేలితో బొత్తాలు ఒక్కొక్కటీ తడిమింది. మొదటిది కదల్లేదు. రెండోది కదల్లేదు. మూడోది ఉన్నచోట ఉండక వేలి కింద పక్కకు జరిగింది.

సూదీ దారం అలమరలోనే ఉన్నాయి. కత్తెర చేతికందే దూరంలోనే ఉంది. సీలు చింపిన కవరు మాత్రం మళ్లీ అతుక్కోదు.

"అమ్మా, ఎండలో నిలబడ్డాను, తొందరగా," అన్నాడు పార్సిల్ అతను.

ఆమె అన్నీ కలిపి సంచీలో వేసి ఇచ్చింది. పసుపు గౌను కూడా. బండి సందు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి, నేల మీద ఆడుకుంటున్న చిట్టిని ఒళ్లోకి లాక్కుంది.

"ఆ అను," అంది.

"ఏం లేదమ్మా నోట్లో," అంది చిట్టి.

"అను."

పిల్ల నోరు తెరిచింది. ఆమె వేలు పెట్టి ఈ బుగ్గ, ఆ బుగ్గ, నాలుక కింద అంతా వెతికింది. ఏమీ లేదు. ఇంకోసారి వెతికింది.