ఇనప ముక్కు బూట్లు

అమలాపురం ఆసుపత్రిలో జీవరత్నం కాలికున్న బూటును మడమ వైపు నుంచి కోసి తీశారు. మూడు వేళ్ళు దక్కలేదు. ఆ బూటును పారేయబోతుంటే అతని భార్య ఎలీసమ్మ వద్దని, సంచిలో వేసుకుని మామిడికుదురు తెచ్చుకుంది.

గ్యాసు కోసం ఆ చుట్టుపక్కల బావులు తవ్వుతున్న రోజులవి. రిగ్గు దగ్గర కూలీలను పెట్టే కాంట్రాక్టు ఆ ఏడే సూరిబాబు చేతికొచ్చింది. పైపు దొర్లి జీవరత్నం కాలి మీద పడితే, "వాడు బూట్లు వేసుకోకుండా దిగేడు, పైగా తాగున్నాడు" అని సూరిబాబు ఊరంతా చెప్పాడు.

మొగుణ్ణి ఇంటికి తెచ్చుకున్నాక ఎలీసమ్మ నెత్తురు కడుగుతుంటే, సూరిబాబు ఇచ్చిన ఆ బూటు ముక్కు చేతి కింద మెత్తగా అణిగింది. పాత కాంట్రాక్టరు ఇచ్చిన బూట్లు అలా ఉండేవి కావు. వాటిలో తోలుకీ లోపలి గుడ్డకీ మధ్య కొబ్బరిచిప్పలా వంచిన ఇనప రేకు ఉండేది. వెనకటికి ఫ్యాక్టరీల్లో బరువులు పడి వేళ్ళు నలిగిపోతుంటే దొరలు కనిపెట్టేరటనీ, బండి చక్రం ఎక్కినా వేలికి తెలియదనీ జీవరత్నం మురిసిపోతూ చెప్పేవాడు. ఆ ముక్కు మీద ఆమె చేత రోకలితో కొట్టించుకుని నవ్వేవాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె బూటూ కొబ్బరికత్తీ పట్టుకుని రిగ్గుకి వెళ్ళింది. పాక కింద ఇంజనీరు, ఆయన పక్కన సూరిబాబు కూర్చుని ఉన్నారు.

"వేసుకోలేదన్నారు కదండీ. మరిదేంటండీ?" అంది.

సూరిబాబు లేచాడు. "నిన్నెవరే లోపలికి రానిచ్చింది? మీ తాతలు చెప్పులెరుగుదురా? బూట్లిస్తే పేచీలా?"

"ఆయ్, ఎరగరండీ. మీ తాతగారు తొడుక్కోనిచ్చేరు కాదు."

బూటును బల్ల మీద పెట్టి ముక్కు నరికింది. తోలు విచ్చుకుని, నెత్తురుకి ఉబ్బిన అట్ట ముద్ద బయటికొచ్చింది. చుట్టూ చేరిన కూలీల్లో లోవరాజు వంగి తన బూటు ముక్కు నొక్కి చూసుకున్నాడు. పక్కవాడూ వంగాడు. లోవరాజు బూట్లు విప్పి సూరిబాబు ముందు పడేసి గేటు వైపు నడిచాడు. ఆ పూటకి పని ఆగిపోయింది. విచారణ జరిపిస్తానని ఇంజనీరు అన్నాడు.

సాయంత్రం సూరిబాబు ఎలీసమ్మ ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "రేకు నువ్వే పీకేసి అట్ట కుక్కేవని విచారణలో చెప్పు. నీ మొగుడికి గేటు కాపలా పనిస్తాను. లేదంటే ఈ పేటలో ఒక్కడికీ పనుండదు."

మంచం మీంచి జీవరత్నం అన్నాడు, "చెప్పెయ్యవే. నా కాలు ఎలాగూ పోయింది."

సూరిబాబు బెదిరింపు కన్నా ఆ మాటే ఎలీసమ్మ ఒళ్ళు మండించింది. మొగుడి వైపు చూడకుండా, "లోవరాజు కాళ్ళకి వేళ్ళింకా ఉన్నాయండీ. అవి నా అబద్ధంతో తియ్యలేను. దయచెయ్యండి" అని తలుపు మూసింది.

విచారణలో జరిగింది జరిగినట్టు చెప్పింది. సూరిబాబు కాంట్రాక్టు పోయింది. కొత్తగా వచ్చిన కాకినాడ ఆయన అందరికీ ఇనప రేకు బూట్లిచ్చాడు గానీ, మనుషుల్ని చాలామటుకు తన వైపు నుంచే తెచ్చుకున్నాడు. పేటలో లోవరాజుకీ మరొకరిద్దరికీ మాత్రమే పని మిగిలింది.

"నీ మొగుడి కాలు కోసం మా కంచాలు తన్నేసేవు" అని కుళాయి దగ్గర పాపాయమ్మ మొహం మీదే అంది. ఎలీసమ్మ బిందె నిండేదాకా అక్కడే నిలబడి, నీళ్ళెత్తుకుని వచ్చింది.

సూరిబాబు తన కొబ్బరితోటలోంచి పేటకున్న దారికి ముళ్ళకంచె కట్టించాడు. ఆమె కాలవగట్టు మీంచి చుట్టు తిరిగి కూలికి వెళ్ళడం మొదలుపెట్టింది. జీవరత్నం పెట్టింది తినేవాడు, మాట్లాడేవాడు కాదు. మాట్లాడమని ఆమె అతన్ని బతిమాలలేదు.