తొమ్మిది వందల మైనం

నేను ఒక మ్యాట్ లిప్‌స్టిక్‌ని. రంగు కాల్చిన ఇటుక ఎరుపు. నా మూత మీద బంగారు అక్షరాల్లో ఒక సినిమా తార సంతకం ఉంటుంది. ఆవిడ నన్ను తయారు చెయ్యలేదు, కనీసం చూడనూ లేదు. నన్ను పోసింది ఒక ఫ్యాక్టరీలో, నెత్తికి టోపీలూ మూతికి గుడ్డలూ కట్టుకున్న ఆడవాళ్ళు. మైనం కరిగించి, రంగుపొడి కలిపి, అచ్చులో పోసి చల్లార్చారు. నాలో ఎక్కువ పాలు మైనమే. ఆ సంగతి డబ్బా అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. సంతకం మాత్రం కొట్టు అవతలి చివర నుంచి కూడా కనబడుతుంది.

ధర తొమ్మిది వందలు. దీనికి అంత పెట్టొచ్చా అని నన్ను చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్ళూ అడిగారు. నాకూ తెలియదు. జరిగింది చెబుతాను.

గుంటూరు మాల్‌లో నన్ను కొన్నది మీరాబీ. వాళ్ళది చిలకలూరిపేట దగ్గర పల్లె, తరతరాలుగా సన్నాయి ఊదే దూదేకుల ఇల్లు. గుడిలో సేవకైనా, ఊళ్ళో పెళ్ళికైనా వాళ్ళ మేళమే. తండ్రి కాలేషాకి ముందుపళ్ళు ఊడిపోయాయి. పళ్ళు లేని నోట్లో, సన్నాయి కొసన ఉండే రెల్లు పీక నిలవదు. ఇక కూతురు ఊదాలి, లేదా మేళం ఇంకొకరికి పోవాలి. డోలు వాయించే బాబాయి జానీబాషాకి మాత్రం నమ్మకం లేదు. ఆడపిల్ల ఊపిరి గౌరీపూజ దాకా వస్తుంది గానీ గట్టిమేళం దాకా రాదని నలుగురిలోనూ అన్నాడు.

గుంటూరులో పెద్ద పెళ్ళి ఒకటి కుదిరింది. ఏర్పాట్లు చూసే లహరి ఫోన్ చేసి, సన్నాయి ఊదే అమ్మాయంటే వీడియోలో దగ్గరగా చూపిస్తామని, పెదాలకి మంచి రంగు వేసుకురమ్మని చెప్పింది. మీరాబీకి భయం పట్టుకుంది. పీక ఎప్పుడూ తడిగా ఉండే వస్తువు. రంగు అంటితే పీల్చేస్తుంది, నాదం చెడుతుంది. ఆ మాటే కొట్టులో అడిగింది. కొట్టు పిల్ల నన్ను పెదాలకి రాసుకుని, తెల్ల కాగితం మీద ముద్దు పెట్టి చూపించింది. మరక లేదు.

"టీ తాగినా కప్పుకి అంటదక్కా" అంది.

కప్పుకి అంటనిది పీకకీ అంటదని మీరాబీ లెక్క. లెక్క తప్పు కాదు. అడగవలసింది ఇంకోటి ఉంది, అది అడగలేదు.

కాలేషా నన్ను అటూ ఇటూ తిప్పి వాసన చూసి, ఈ డబ్బుకి మంచి పీకలు నాలుగొచ్చేవని మాత్రం అన్నాడు. సంచిలో నా పక్కన దారానికి కట్టిన పీకలు, ఒక మైనం ఉండ. సన్నాయి అడుగున వేళ్ళు అందని రంధ్రాలు కొన్నుంటాయి. శ్రుతి సరిపోవడానికి వాటిలో ఒకటో రెండో మైనంతో మూస్తారు. గోళ్ళ గుర్తులు పడి నల్లబడ్డ ఆ ఉండకి తగలకుండా నేను కాస్త ఎడంగానే ఉన్నాను. మనుషుల దగ్గర నేర్చిన గుణం.

పెళ్ళిలో మొదట అంతా బాగానే సాగింది. మేనమామలు పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకొస్తుండగా నాదం చీలింది. తప్పు నాది. తడి తాగెయ్యడం నా గుణం, అందుకే నేను అంటను, చెరగను. సన్నాయి ఊదేవాళ్ళకి పెదవి తడే ఆధారం. ఏసీ గాలికి మీరాబీ పెదవులు అప్పడాల్లా బిగిసిపోయాయి. పీక జారుతోంది.

"సన్నాయికి పడిశం పట్టినట్టుందే" అన్నారెవరో. నవ్వులు. జానీబాషా తలెత్తలేదు. పెళ్ళివారి పెద్దాయన కాలేషా దగ్గరికి వంగాడు.

"ఇంకెవరన్నా ఉన్నారా ఊదేవాళ్ళు? ముహూర్తం దగ్గర పడింది."

కాలేషా కూతురి వైపు చూశాడు. ఆమె నీళ్ళు పోసి నన్ను రుద్దింది. నేను కదల్లేదు. నీళ్ళకి చెరగదనే కదా నన్ను అమ్మారు. అప్పుడు ఆమె కళ్ళు హోమానికి పెట్టిన నేతిగిన్నె మీద పడ్డాయి. అరచెయ్యి చాపింది.

"పంతులుగారూ, కాస్త నెయ్యి."

పంతులుగారు ఆమె పెదవులు చూశారు. మంత్రం ఆపకుండానే ఒక చెంచాడు నెయ్యి చేతిలో పోశారు. నీళ్ళకి లొంగని నేను నేతికి లొంగిపోయాను. నాయన తెల్ల కండువా అందుకుని గట్టిగా తుడిచేసింది. నాలుకతో పెదవులు తడుపుకుంది. జీలకర్ర బెల్లం చేతులు లేచాయి. పంతులుగారు సైగ చేశారు.

గట్టిమేళం చివరిదాకా ఆ ఊపిరి తెగలేదు. డోలే దాని వెనక పరుగెత్తింది. తర్వాత ఎవరో మంచినీళ్ళు తెస్తే, జానీబాషా గ్లాసు ముందు మీరాబీకిచ్చి, ఆమె తాగాక తను తాగాడు.

లహరి మొహం ముడుచుకుని వచ్చింది, రంగు తుడిచేశారేమిటని. కెమెరాలో చూపించింది. ఉబ్బిన బుగ్గలు, మూసిన కళ్ళు, సన్నాయి. పెదవులు రంగు ఉన్నప్పుడూ కనబడలేదు, పోయాకా కనబడలేదు.

"సన్నాయి నోట్లో పెట్టుకున్న మనిషికి పెదాలెక్కడ కనబడతాయమ్మా" అని కాలేషా బోసినోటితో నవ్వాడు. "ముందు మనలో ఒక్కరికీ తట్టలేదు, నాతో సహా."

ఆ తర్వాత నన్ను ఎవరూ తియ్యలేదు. సంతకమున్న మూత సంచిలో పగిలిపోయింది. ఎండలు ముదిరాయి. తిరునాళ్ళ పగటి ఊరేగింపులో సన్నాయి రంధ్రంలోని మైనం కరిగి జారింది, సంచిలో ఉండ కూడా ముద్దయి గుడ్డకి అంటుకుపోయింది. శ్రుతి తప్పింది. మీరాబీ సంచంతా వెతికి, చేతికి తగిలిన నన్ను తీసి, గోటితో కొంచెం గిల్లి రంధ్రంలో అదిమింది. పొడి ఎక్కువున్నదాన్ని కనక నేను జారలేదు. ఆమె ఊదింది. శ్రుతి కలిసింది.

"అమ్మాయ్, ఈ చుట్టుపక్కల ఇంత ఖరీదు మైనం పెట్టిన సన్నాయి లేదు" అన్నాడు కాలేషా.

మీరాబీ పీక తడుపుకుని మళ్ళీ ఎత్తుకుంది.

అప్పటినుంచి నేను ఆ రంధ్రంలోనే ఉన్నాను. ఆమె ఊపిరి రోజూ నా పక్కనుంచే పోతుంది. దేనికీ అంటను అన్న మాట మీద అమ్ముడుపోయినదాన్ని. ఇప్పుడు నాకున్న పని ఒక్కటే, అంటుకుని ఉండడం.