నోటికి వండిన రోజు

రెండోసారి వడగట్టినా గుడ్డ మీద పప్పు నలక ఒకటి కనబడింది. అంతోనమ్మ దాన్ని వేలికి అంటించుకుని, దొంగ దొరికాడన్నట్టు కిటికీ వెలుతురులోకి ఎత్తి చూసి, గిన్నెలోది మొత్తం మళ్లీ మిక్సీలో పోసింది. ఉడికిన పెసరపప్పు, మెత్తటి అన్నం, గుడ్డు తెల్లసొన, పాలు, కాస్త నూనె గిర్రున తిరిగి, ఏ రంగూ కాని రంగుకు వచ్చాయి. ముక్కులోంచి పొట్టలోకి దిగే సన్నటి గొట్టంలో ఇది జారిపోవాలి. ఒక్క నలక ఇరుక్కున్నా గొట్టం పూడిపోతుంది. కొత్తది వేసేటప్పుడు రోగి పడే యాతన ఆమె ఒకసారి కళ్లారా చూసింది. ఆ తర్వాత మూడుసార్లు వడగట్టకుండా సీసా నింపింది లేదు.

తిరువూరు బస్టాండు వెనక సందులో ఉన్న ఆ ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ అంటే పై అంతస్తులో నాలుగు మంచాలు. వాటి మీద నోరు కదపలేకుండా పడి ఉన్నవాళ్లకు వండడం అంతోనమ్మ ఉద్యోగం. ఎవరికి ఏం వెయ్యాలో విజయవాడ నుంచి డైటీషియన్ ఫోన్లో చెబుతుంది, డాక్టర్ నీహారిక సరేనంటుంది, ఈవిడ వండుతుంది, నర్సు గొట్టంలో పోస్తుంది. అంతోనమ్మ వంటకు ఇక్కడ ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు. పెట్టడానికి అది ఎవరి నాలుకకూ తగలదు కదా! అయినా సీసా నింపేముందు ఒక చుక్క అరచేతిలో వేసుకుని రుచి చూస్తుంది. నర్సులు నవ్వుతారు. నవ్వుకోనీలే అని ఊరుకుంటుంది.

మనిషి పొట్టి. ముంజేతుల మీద నూనె చిందిన మచ్చలు, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. ఇక్కడికి రాకముందు చర్చి సిస్టర్ల హాస్టల్లో ఆడపిల్లలకు వండేది. సాంబారు నీళ్లలా ఉందని ఒకతె, కూరలో కారం చచ్చిందని ఇంకొకతె, రోజూ ఒక పంచాయితీ. ఆ గొడవంటే అప్పట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు అలాంటి మాటకే మొహం వాచిపోయింది.

సీసాలు సర్దుతుంటే డాక్టర్ నీహారిక వంటగది గుమ్మంలోకి వచ్చింది.

“అంతోనమ్మగారూ, సాయంత్రం జోజిబాబుకి నోటితో పెట్టి చూద్దామండీ. ముద్దలా, నున్నగా ఏదైనా చెయ్యండి. నీళ్లగా మాత్రం వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.”

అంతోనమ్మ చేతిలో మూత అలాగే ఉండిపోయింది.

“మింగలేకపోతే ఏంటమ్మా?”

“రేపు విజయవాడ పంపించాలి. పొట్టకి రంధ్రం పెట్టి అక్కణ్ణించి ఇస్తారు. ఆ గొట్టాన్ని ఎన్నాళ్లని ముక్కులో ఉంచుతాం?”

జోజిబాబుది రెడ్డిగూడెం. మామిడికాయల లారీలకు లోడింగుకు వెళ్లే కుర్రాడు. ఎండాకాలం మొదట్లో నరాల జబ్బేదో అరికాళ్లలో పుట్టి, నడుము దాటి, గొంతు దాకా పాకింది. వెంటిలేటరు పెట్టారు, ఊపిరి కోసం గొంతు ముందు రంధ్రం చేశారు. ఊపిరి దానంతటది తిరిగి వచ్చింది, చేతివేళ్లు కదిలాయి. మింగడం ఒక్కటే రాలేదు. ఇన్నాళ్లూ వాడికి తెలివి మాత్రం పోలేదు. అందుకే సీసా తీసుకెళ్లిన ప్రతిసారీ అంతోనమ్మ వాడి చెవి దగ్గర నిలబడి, “అబ్బాయ్, ఇవాళ పప్పూ అన్నం, నెయ్యేశాననుకో,” అని చెప్పేది. వాడు కళ్లార్పేవాడు. వాడి నోట్లో ఏదో ఒకనాడు నిజంగా ముద్ద పెట్టాలని ఆమె పట్టుబట్టి కూర్చుంది.

మధ్యాహ్నం సీసాతో పైకి వెళుతుంటే ఐసీయూ తలుపు దగ్గర జోజిబాబు తల్లి సామ్రాజ్యం అడ్డం వచ్చింది. రాత్రంతా నిద్రలేక కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

“అక్కా, ఈ పూట ఆ సీసా పొయ్యమాకు. కడుపు మాడితే సాయంత్రం వాడే మింగుతాడు. మా సంఘమంతా ఇవాళ ఉపవాస ప్రార్థనలో ఉంది.”

“మీరుండండమ్మా ఉపవాసం. వాడొద్దు.”

“ఆకలేస్తేనే గదా అన్నం లోపలికెళ్లేది!”

“మనకి. వాడికి గొంతులో కండ కదలాలి. కండకి బలం కావాలి. డాక్టరమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో!” అంతోనమ్మ సీసాను కొంగులో దాచుకున్నట్టే పట్టుకుంది. “మా ఆయనకి జొరమొచ్చి పడుకుంటే, సెలైన్ ఎక్కుతోందిగా, ఇంకేం కావాల్లే అనుకున్నాం ఇంటిల్లిపాదీ. రోజుల తరబడి అదే. ఆ సీసాలో అన్నం లేదని ఒక్కళ్లం అనుకోలా.”

సామ్రాజ్యం తలుపు దగ్గర్నుంచి పక్కకు జరిగింది. అంతోనమ్మ లోపలికి నడిచింది. భర్త రాయప్ప చివరి రోజుల్లో మంచం మీద ఎంత చిన్నగా అయిపోయాడో ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. ఇక్కడ పనికి మనిషి కావాలంటే హాస్టల్ వదిలి వచ్చింది అందుకే. నర్సు మంచం తలవైపు ఎత్తి, సీసాలోది నెమ్మదిగా గొట్టంలో పోస్తుంటే, అంతోనమ్మ వాడి తల్లిని కూడా లోపలికి పిలిచి చూపించింది.

సాయంత్రం వంట మొదలుపెట్టేసరికి ఆమెకు చెయ్యి ఆడలేదు. ఇది గొట్టానికి కాదు, నోటికి. బియ్యం, పెసరపప్పు కలిపి మెత్తగా ఉడికించింది, పలుకు లేకుండా మెదిపింది, జల్లెడలో రుద్ది తీసింది, కాస్త నెయ్యి వేసింది. ముద్ద చెంచాలో నిలబడింది. ఉప్పు దగ్గరికొచ్చేసరికి తడబడింది. రుచి చూసింది, మళ్లీ చూసింది, నాలుక ఏమీ చెప్పడం లేదు. ఎక్కువైతే తీసెయ్యలేం కదా అని పిసరంత వేసి, చిన్న స్టీలు గిన్నెలోకి తీసింది.

జోజిబాబును దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టారు. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం పెరిగి, మెడ ఎముకలు తేలి ఉన్నాడు. బస్తాలెత్తిన ఆ భుజాలు చొక్కా తగిలించే కొయ్యలా మిగిలాయి. డాక్టర్ చెంచా కొసన కొంచెం తీసి నాలుక మీద పెట్టింది.

వాడు నోరు మూశాడు. మంచం చుట్టూ ఎవరూ కదల్లేదు. గొంతు వణికింది, పైకి లేచినట్టే లేచి ఆగింది. అంతోనమ్మ వాడితో పాటు తనూ గుటక వేసింది. గొంతు మళ్లీ లేచి, ఈసారి కిందికి దిగింది.

రెండో చెంచాకు దగ్గొచ్చింది. సామ్రాజ్యం “ప్రభువా!” అంటూ ముందుకు రాబోతే డాక్టర్ చేత్తో ఆపింది. “దగ్గనివ్వండి. దగ్గగలగడం మంచిదే.” దగ్గు తగ్గింది. మూడోది వెళ్లింది. నాలుగోది వాడే నోరు తెరిచి అడిగాడు.

మాట బయటికి రావడానికి డాక్టర్ తొడుగు వేసుకున్న వేలితో గొంతు దగ్గరి రంధ్రాన్ని మూసింది. “ఎలా ఉందో చెప్పు జోజిబాబూ.”

పెదాలు చాలాసేపు కష్టపడ్డాయి. బొంగురుగా, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు మాట బయటికొచ్చింది.

“ఉప్పు... లేదు.”

“చచ్చి బతికొచ్చి కూడా ఉప్పేంట్రా నీకు!” అని సామ్రాజ్యం నవ్వబోయి ఏడ్చేసింది. అంతోనమ్మ అప్పటికే మెట్ల మీద ఉంది. ఆ వయసులో అలా పరుగెత్తడం ఆసుపత్రిలో ఎవరూ చూడలేదు. పిడికిట్లో ఉప్పు పట్టుకుని ఆయాసపడుతూ వచ్చి, డాక్టర్ తల ఊపాక గిన్నెలో కలిపింది.

ఇంకొన్ని చెంచాలు తిన్నాక జోజిబాబు పెదాలు బిగించాడు. ఇంకొక్కటి అన్నట్టు ఆమె చెంచా చూపిస్తే తల పక్కకు తిప్పేసుకున్నాడు. ఇక్కడ ఆమె వంటను ఒకరు ఇక చాలన్నది ఇదే మొదటిసారి.

విజయవాడ ప్రయాణం ఆగిపోయింది. నోటితో సరిపడా తినేదాకా గొట్టం కూడా ఉంచుతామని చెప్పి, మంచం ఇంకొకరికి కావాలని డాక్టర్ వాణ్ణి చీకటిపడకముందే కింద వార్డుకు పంపించింది. అక్కడ వండిపెట్టేది ఇంటివాళ్లే. మూడుసార్లు వడగట్టడం మర్చిపోవద్దని అంతోనమ్మ లిఫ్టు దాకా సామ్రాజ్యానికి చెబుతూనే నడిచింది. స్ట్రెచర్ మీద జోజిబాబు వేళ్లు దుప్పటి మీద కొంచెం లేచాయి. అంతోనమ్మ ఏదో అనబోయేలోగా తలుపులు మూసుకున్నాయి.

ఆమె వెనక్కి వచ్చేసరికి మంచం మీద దుప్పటి మార్చేశారు. ఎ.కొండూరు నుంచి ఒక పెద్దాయనను తీసుకొస్తున్నారని, షుగరుందని, పాలల్లో చక్కెర వెయ్యొద్దని నర్సు చెప్పింది. సరేనంది అంతోనమ్మ. పప్పు నానెయ్యడానికి బయల్దేరి, మంచం పక్క బల్ల దగ్గర ఆగిపోయింది.

బల్ల మీద స్టీలు గిన్నె ఉంది. అందులో సగం ముద్ద తినకుండా మిగిలిపోయి ఉంది, మధ్యలో చెంచాతో తీసిన గుంటతో.