ముసలిది దిగిన రోజు

అడుగున మేకుతో చిల్లు పొడిచిన పాలడబ్బాను లెత్సారా కొమ్మకు తగిలించి, నీటిచుక్కలు సరిగ్గా ఆకు మీద పడుతున్నాయో లేదో చూసుకున్నాడు. ఈ పెద్ద జాతి ఊసరవెల్లులు గిన్నెలో నీళ్లు పెడితే ముట్టవు. ఆకు మీద జారే చుక్కనే తాగుతాయి, అదీ పక్కన ఎవరూ మెదలకుండా ఉంటేనే. తాగడానికి పావుగంట పడుతుంది. పదకొండేళ్లుగా ఆ పావుగంటలన్నీ లెత్సారా మెదలకుండా నిలబడ్డాడు. అందుకే కాబోలు, యాభై నిండకుండానే నడుం ముందుకు వంగింది, మోకాళ్లు బిగుసుకుపోయాయి. నడుస్తుంటే ఒక్కో అడుగూ వేయాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉంటాడు. "నువ్వు వాటిని పెంచుతున్నావో, అవి నిన్ను పెంచుతున్నాయో" అని మేతకు మిడతలు పెంచే ఫిలొమెన్ ఎకసెక్కమాడుతూ ఉంటుంది.

ఈ రోజు మాత్రం డబ్బా కింద తాగేవాళ్లు లేరు. కొమ్మ ఖాళీగా ఉంది. లెత్సారా కింద నేల వైపు చూడకుండా బయటికొచ్చి వలగది తలుపు మూశాడు.

షెడ్డు ముందు గుడ్లు పూడ్చే చెక్కపెట్టెలు బోర్లించి ఉన్నాయి. అన్నీ ఖాళీగా ఉండడం పదకొండేళ్లలో ఇదే మొదటిసారి. ఈ జాతి గుడ్డు పగిలి పిల్ల బయటికి రావాలంటే ఇరవై రెండు నెలలు పడుతుంది, ఒక్కోసారి రెండేళ్లు. ఈలోగా మరో ఆడది గుడ్లు పెడుతుంది. అవి పిల్లలయ్యేలోగా ఇంకొకటి. మట్టిలో ఎప్పుడూ ఏదో ఒక కాన్పు ఉండనే ఉండేది. పైగా గుడ్లు పూడ్చిన చేయే వాటిని తీయాలి, వేరే చేయి పడితే గుడ్డు చస్తుందని ఆ కొండల్లో అందరి నమ్మకం. లెత్సారా అది కళ్లారా చూశాడు కూడా. తండ్రి చనిపోయినప్పుడు నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి, యజమానురాలి తమ్ముడు ఒక పెట్టె మూత తీశాడు. అందులోని ముప్పై ఆరు గుడ్లూ బూజు పట్టిపోయాయి. వరినారుకు పోసినట్టు చెంబెడు నీళ్లు పోశాడని ఫిలొమెన్ చెప్పింది గానీ, లెత్సారా ఆ మాట చెవిన వేసుకోలేదు. ఆ తర్వాత ఎక్కడికీ వెళ్లలేదు.

భార్య సువజారా తువామాసినా రేవులో బియ్యపు రొట్టెలు కాల్చి అమ్ముకుంటుంది. ఊసరవెల్లిని ముట్టినవాడు తమ గడప తొక్కకూడదు, తమ కుండలో తినకూడదు, అది ఆమె వంశానికి ఫాది, తాతల నాటి నిషేధం. ఫాది అంటే ఎవరూ వాదించరు. ఈ పనిలో చేరిన ఏడాదే అతను చెప్పాడు, ఈ పెట్టె ఖాళీ కాగానే వచ్చేస్తానని. తర్వాతి పెట్టెకూ అదే చెప్పాడు. పోయిన వేసవి వడగాడ్పులకు మగది చచ్చిపోయింది, ఆడవాటిలో ఒక్క ముసలిదే మిగిలింది. వారం క్రితం ఆఖరి పిల్ల బయటికొచ్చింది. పిల్లలన్నిటినీ యజమానురాలు మదాం బాకులీ నగరానికి పంపేసింది. లెత్సారా సువజారాకు ఫోన్ చేసి, ఇక మట్టిలో ఏమీ లేదన్నాడు. నేనే వచ్చి తీసుకెళతానని ఆమె అంది. పొద్దుటి వ్యానులో వస్తుంది, మూడింటి వ్యానుకు ఇద్దరూ వెళ్లాలి.

కానీ మొన్న మధ్యాహ్నం ముసలిది చెట్టు దిగింది. ఈ జాతి ఆడది నేల మీదికి దిగేది ఒక్కందుకే, గుడ్లు పెట్టడానికి. మగదాని విత్తనాన్ని ఏడాదికి పైగా ఒంట్లో దాచుకోగలదని లెత్సారాకు తెలుసు. తెలిసీ, చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నిన్న అది వేళ్ల పక్కన మట్టి గీరుతుంటే ముఖం తిప్పుకున్నాడు. ఇవాళ తెల్లవారేసరికి బొరియ బయట తోక కొస ఒక్కటే కనిపిస్తోంది.

"సాయంత్రానికి గుడ్లకు ఎర్రచీమలు పడతాయి, తెలుసుగా?" అంది ఫిలొమెన్, మిడతల బుట్ట దించుతూ.

"నువ్వు తీసి పూడ్చిపెట్టు ఫిలొమెన్. ఎలాగో నేను చెబుతాను."

"నన్నెందుకు పూడుస్తావులే అన్నా. అందులో చేయి పెట్టినవాళ్ల గతేంటో రోజూ చూస్తూనే ఉన్నా. నా చేతులు మిడతలకే సరి."

"ఇరవై రెండు నెలలేగా."

"నీకూ అలాగే చెప్పుంటారు."

వరండాలోంచి మదాం బాకులీ నవ్వింది. "చూశావా లెత్సారా, ముసలిది కూడా నిన్ను పంపనంటోంది." ఆవిడ మాటలో దురుద్దేశమేమీ లేదు. అతను కూడా మర్యాదకు నవ్వాడు.

పదకొండింటికి సువజారా వచ్చింది. గేటు లోపలికి రాలేదు, రోడ్డుకు అవతలే నిలబడింది. చేతిలో కొత్త చొక్కా, సబ్బు, తాటాకు టోపీ ఉన్నాయి. ఇక్కడి బట్టలు ఇక్కడే వదిలి, ఏట్లో స్నానం చేసి, అవి వేసుకుంటే చాలు, గడప తొక్కనిస్తారు. టోపీ ఆమే అల్లింది. పెట్టెలోకి మట్టీ ఇసుకా జల్లిస్తున్న లెత్సారా వచ్చి గేటు దగ్గర ఆగాడు. ఇద్దరి మధ్య రోడ్డు.

"పెట్టె ఖాళీ అయిందన్నావు," అంది.

"అయింది."

"మరి చేతులకు ఆ మట్టేంటి?"

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ముసలిది దిగింది."

ఆమె అరవలేదు, కళ్లనీళ్లు పెట్టుకోలేదు. అవన్నీ ఎప్పుడో అయిపోయాయి.

"ఇంకోసారి నేను రాను," అంది. "నాకు మోకాళ్లు పట్టేస్తున్నాయి. మూడింటికి బండి. నేను ఎక్కుతా. నువ్వు ఎక్కుతావో లేదో నాకు చెప్పకు."

"గంటలో అయిపోతుంది. తీసి, పూడ్చి, ఫిలొమెన్ కాళ్లు పట్టుకునైనా అప్పజెప్పి వచ్చేస్తా."

"సరే," అందామె. నమ్మినట్టు లేదు.

ముసలిది ఒంటిగంటన్నరకు గానీ బొరియలోంచి రాలేదు. వచ్చాక కూడా, ఒళ్లు సగమై కాళ్లు వణుకుతున్నా, మట్టి కప్పి చదును చేసేదాకా కదలలేదు. లెత్సారా ఆగాడు. తొందరపెట్టడం అతనికి చేతకాదు. అది కొమ్మెక్కాక గరిటెతో తవ్వడం మొదలుపెట్టాడు. గుడ్డు ఎటు పైకి ఉంటే అటే ఉండాలి, దొర్లితే లోపలి ప్రాణం పోతుంది. ఒక్కోదాని నెత్తిన పెన్సిలుతో చుక్క పెట్టి, రెండు వేళ్లతో ఎత్తి, జల్లించిన తడి ఇసుకలో దింపాడు. పది. ఇరవై. ముప్పై. బొరియ లోపల ఇంకా తెల్లగా కనిపిస్తూనే ఉన్నాయి. ఇంత మంచి కాన్పు అతను ఎన్నడూ చూడలేదు. సంతోషం కలిగింది. కలిగినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ముప్పై ఏడో గుడ్డు అరచేతిలో ఉండగా రోడ్డు మీద హారన్ మోగింది. మళ్లీ మోగింది. మూడోసారి చాలా పొడుగ్గా మోగింది, డ్రైవరుతో ఎవరో ఆగమని బతిమాలుతున్నట్టు. లెత్సారాకు ఏడుపొచ్చింది. లేవాలనే అనుకున్నాడు. కానీ గుడ్డును వంకరగా పెట్టి లేవలేడు కదా. దాన్ని దింపాడు, చుక్క పైకి ఉందో లేదో చూశాడు. అప్పటికి ఇంజను చప్పుడు మలుపు దాటిపోయింది. మిగిలిన ఆరింటినీ తీశాడు. నలభై మూడు.

పెట్టెను షెడ్డులో గుంటలోకి దింపి, మూత మీద మట్టి కప్పి, వలగదికి తిరిగి వచ్చేసరికి వెలుతురు తగ్గిపోతోంది. పాలడబ్బా కింద ముసలిది కొమ్మను పట్టుకునే ఉంది. చుక్కలు ముక్కు మీద పడుతున్నా నోరు తెరవడం లేదు. ఆకుపచ్చ అంతా పోయి బూడిదరంగు తేలింది. పట్టుకున్న పట్టు ఎంత గట్టిదంటే, దాన్ని దించడానికి అతను ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది. ఇక ఆడది లేదు, మగది లేదు. ఈసారి నిజంగానే ఇదే ఆఖరి పెట్టె. ఆ మాట ఎవరితోనైనా చెప్పాలనిపించింది. ఫిలొమెన్ ఇంటికి వెళ్లిపోయింది.

దాన్ని చెట్టు మొదట్లో పూడ్చి, లెత్సారా గేటు దాకా నడిచాడు. రోడ్డు మీద ఎవరూ లేరు. వాన మొదలైంది. చొక్కా, సబ్బు ఆమె తీసుకుపోయింది. గేటు బయటివైపు మేకుకు తాటాకు టోపీ తగిలించి ఉంది. అందుకోబోయి, గోళ్లలో మట్టి చూసుకుని చేయి వెనక్కి తీసుకున్నాడు. ముట్టుకుంటే ఇక దాన్ని పెట్టుకుని ఆ గడప తొక్కడానికి పనికిరాదు.

టోపీ తడవకుండా దాని మీద ప్లాస్టిక్ సంచి తొడిగి ఉంది, గాలికి ఊడిపోకుండా అడుగున రెండు ముళ్లు వేసి ఉన్నాయి.