గరుడుడికి ఎన్ని ఫోటోలు

మా ఆయన సురేష్‌కుమార్ పిట్ట కనబడితే కెమెరా మీట మీంచి వేలు తియ్యడు. తమిళనాడులో మా కోవిల్‌పట్టి చుట్టూ నల్లరేగడి చేలల్లో ఒక్క పాలపిట్ట వాలితే చాలు, వందలకు వందలు కొడతాడు. అది ఎగిరిపోయాక ఉత్త కొమ్మక్కూడా ఇంకొన్ని. ఇదేం పిచ్చి అంటే, "రెక్క ఎప్పుడెట్ల తిరుగుతాదో ఎవురికి తెలుసు జోతీ" అంటాడు. మా పెళ్లి ఫోటోలకంటే మా ఇంట్లో కొంగల ఫోటోలే ఎక్కువ.

ఇలాంటి మనిషికి మా మామగారు వెంకటసుబ్రమణియన్ ఒక పని అప్పగించారు. మా కులదైవం గుడికి పన్నెండేళ్ల తర్వాత కుంభాభిషేకం. శిఖరం మీది కలశానికి పూజారి అయ్యరు నీళ్లు పోశాక, రెండో బిందె పోసే మర్యాద ఈసారి మామగారిది. ఆ వేళకు గరుడపక్షి వచ్చి గుడి పైన చుట్టు తిరిగితే దేవుడు ఒప్పుకున్నట్టు. తాను నీళ్లు పోస్తుండాలి, పైన గరుడుడుండాలి, రెండూ ఒకే ఫోటోలో పడాలి. అదీ ఆయన కోరిక. పాపం, దానికోసం కొత్త పట్టుపంచె కూడా కొనుక్కున్నారు.

"ఒగటే తియ్‌రా. మంచిగా ఒగటి చాలు. మా పెండ్లికి ఒగటే తీసిరి, ఎవురన్నా కండ్లు మూసిరా?"

"మీరు కదలకుండా నిలుస్తారు నాయనా, గరుడుడు నిలుస్తాడా?"

ఇక బాలసుబ్రమణియన్. మా అత్తగారి తమ్ముడు, విరుదునగర్‌లో మిరపకాయల మండీ. ఆ మర్యాద తనకు దక్కలేదని మూతి ముడుచుకున్నాడు. చివరికి శిఖరం పక్కన కట్టిన పరంజా మీద మామగారి పక్కనే, ఒక మెట్టు కింద నిలబడి గొడుగు పట్టేట్టు రాజీ కుదిర్చారు.

ఆ రోజు అయ్యరు నీళ్లు పోశారు. గరుడుడు లేడు. కాకులొచ్చాయి, మా ఆయన వాటినీ వదల్లేదు. అంతలో ఇటుక రంగు రెక్కలు, తెల్లటి తల! జనమంతా చేతులు జోడించి పైకి చూశారు. గొడుగు అడ్డమొస్తోంది దించమని ఎదురు మిద్దె మీంచి మా ఆయన అరిచాడు. బాలసుబ్రమణియన్ గొడుగు దించి తనూ పైకి చూశాడు. మామగారు బిందె ఎత్తారు. కెమెరా టకటకలాడింది. వెంటనే గొట్టంతో అందరి మీదా తీర్థం చిమ్మారు, అందరం తడిసిపోయాం.

సాయంత్రం అందరం టీవీ ముందు చేరాం. మొదటి ఫోటోలో గరుడుడు బ్రహ్మాండంగా ఉన్నాడు, మామగారి మొహానికి మాత్రం చెయ్యి అడ్డం.

"నా మొగం యాడరా? ఇంకొగటి చూపించు."

ఇంకోటి. ఇంకోటి. ఒక్కో ఫోటోకీ మామగారు కాస్త కాస్త కెమెరా వైపు తిరుగుతున్నారు. తిరిగి తిరిగి, ఒకదాంట్లో నిండుగా నవ్వారు. సరిగ్గా తల పైన గరుడుడు. నీళ్లు మాత్రం ధారగా బాలసుబ్రమణియన్ బట్టతల మీద. మా ఆయన అలవాటు కొద్దీ నొక్కుతూనే పోయాడు. బిందె మొత్తం అక్కడే ఖాళీ అయింది. కలశం మీద చుక్క పడలేదు.

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"అంటే దేవునికి నేను పొయ్యనే లేదా?" అన్నారు మామగారు. ఆ గొంతు విని నాకు నవ్వు చచ్చిపోయింది. చాలా బాధేసింది.

బాలసుబ్రమణియన్ లేచాడు. ఇక కురుక్షేత్రమే అనుకున్నాను. ఆయన టీవీ దగ్గరికెళ్లి తల తడుముకున్నాడు.

"అయ్యరు చల్లిరి అనుకొంటిని బావా! పైన గరుడుడు, దేవుని నీళ్లు నా నెత్తిన. ఇది నాకు కావాల. మండీలో పెట్టుకుంటా."

మామగారు చటుక్కున తలెత్తారు. "నీకెందుకు? నా మొగం మంచిగా వచ్చినది ఇది ఒగటే. ఇది నా పోటో."

గరుడుడి కన్ను మసకగా పడిందని, అది తాను తీసినట్టు బయట చెప్పొద్దని మా ఆయన బతిమాలాడు. ఎవరూ వినిపించుకోలేదు. రెండు కాపీలు వేయించాం. మా ఇంట్లో పెట్టేదాన్ని మామగారు తన మోచేతి కింద కత్తిరింపించారు. బావమరిదీ లేడు, నీళ్లు ఎటు పడ్డాయో తెలియదు.

మొన్న విరుదునగర్ వెళ్లాను. మండీలో ఫోటో మొత్తం ఉంది. ఎవరో వ్యాపారి ఆ పోస్తున్నదెవరని అడిగితే, "మా బావ. ఆయన చేతి నీళ్లు పడినాకే నాకు అంతా మంచి" అన్నాడు బాలసుబ్రమణియన్.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. మామగారు లేచారు. గోడ మీది ఫోటో దించి మా ఆయన చేతికిచ్చారు.

"మొత్తం వేసి తీసుకురా. వాడు కూడా ఉండనీ."